బీరు స్పాన్సర్ వస్తే స్టేడియంలో ఎవరి చట్టం నడుస్తుంది?

2022 నవంబర్ 18. ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదలవడానికి ఇంకా రెండు రోజులే ఉంది. ఆ రోజు ఫిఫా ఒక చిన్న ప్రకటన విడుదల చేసింది. 8 స్టేడియాల ఆవరణల్లో బీరు అమ్మకాలు ఉండవన్నది దాని సారాంశం. అప్పటికే స్టేడియాల బయట బడ్వైజర్ ఎర్ర గుడారాలు లేచాయి, సరుకు గోదాముల్లో దిగింది. ‘ఇదేదో ఇబ్బందిగా ఉందే’ అనే అర్థం వచ్చేలా ఆ కంపెనీ ఖాతాలో ఒక్క ట్వీట్ కనబడి, కాసేపటికే మాయమైంది. ఆ టోర్నీ స్పాన్సర్‌షిప్ విలువ సుమారు 7.5 కోట్ల డాలర్లని అప్పట్లో వార్తలొచ్చాయి.

మీకు ఫుట్‌బాల్ మీద ఆసక్తి ఉండకపోవచ్చు. బీరు అలవాటూ లేకపోవచ్చు. అయినా ఈ గొడవ మన గడప దాకా వచ్చింది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరగబోతున్నాయి. 2036 ఒలింపిక్స్ కూడా అక్కడే జరపాలని భారత్ ప్రయత్నిస్తోంది. గుజరాత్ ఏర్పడిన 1960 నుంచీ మద్యనిషేధం అమల్లో ఉన్న రాష్ట్రం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ)కేమో ఇప్పుడు ప్రపంచస్థాయి బీరు స్పాన్సర్ ఉంది.

అందుకే తాగడం మంచిదా చెడ్డదా అనే చర్చను కాసేపు పక్కన పెడదాం. ఇక్కడ చూడాల్సింది వేరే. ప్రజల భద్రత కోసం ఒక దేశం చేసుకున్న చట్టాన్ని, ఒక టోర్నీ కోసం, ఒక స్పాన్సర్ కోసం పక్కన పెట్టొచ్చా? పెడితే ఆ నిర్ణయం ఎవరు, ఎప్పుడు తీసుకుంటారు? ఈ ప్రశ్నలకు గత పాతికేళ్లలో ఒక్కో దేశం ఒక్కో రకంగా జవాబిచ్చింది.

బ్రెజిల్: నెల రోజుల మినహాయింపు

బ్రెజిల్‌లో ఫుట్‌బాల్ అభిమానుల కొట్లాటలు, చావులు చాలాకాలంగా ఉన్న సమస్య. దాన్ని అదుపు చేసేందుకు తీసుకున్న చర్యల్లో ఒకటి స్టేడియాల్లో మద్యం నిషేధం. 2014 ప్రపంచకప్ అక్కడికి వచ్చేసరికి ఈ నిషేధం ఫిఫాకు అడ్డుపడింది. ఎందుకంటే బడ్వైజర్ 1986 నుంచీ ప్రపంచకప్ స్పాన్సర్. స్టేడియంలో అమ్ముకునే హక్కు ఒప్పందంలో భాగం.

2012 జనవరిలో ఫిఫా ప్రధాన కార్యదర్శి జెరోమ్ వాల్కే బ్రెజిల్ వెళ్లి చెప్పిన మాటలు ఇప్పటికీ ఈ చర్చలో వినబడుతుంటాయి. మద్యం ప్రపంచకప్‌లో భాగమని, అమ్మి తీరుతామని, దీనిపై బేరాల్లేవని ఆయన తేల్చేశారు. కాస్త అహంకారంగా మాట్లాడుతున్నట్టు అనిపిస్తే క్షమించండని కూడా అన్నారు. ఎన్నికైన పార్లమెంటు ఉన్న దేశంలో, ఆ పార్లమెంటు చర్చ ముగియకముందే, ఒక క్రీడాసంఘం అధికారి అన్న మాటలివి.

బ్రెజిల్‌లో గట్టి వ్యతిరేకతే వచ్చింది. ఆరోగ్యశాఖ వైపు నుంచీ, ఎంపీల నుంచీ అభ్యంతరాలు వచ్చాయి. కానీ 2012 జూన్‌లో అధ్యక్షురాలు దిల్మా రూసెఫ్ ప్రపంచకప్ చట్టంపై సంతకం చేశారు. స్టేడియం మద్యనిషేధం టోర్నీ వరకు పక్కకు తప్పుకుంది. జనం దాన్ని ‘బడ్వైజర్ బిల్లు’ అన్నారు.

తర్వాత జరిగింది చూడండి. 2014 జూలైలో, టోర్నీ నడుస్తుండగానే, అదే వాల్కే బ్రెజిల్ టీవీతో మాట్లాడుతూ స్టేడియాల్లో తాగినవాళ్లు ఇంతమంది ఉంటారనుకోలేదని, తాను ఆశ్చర్యపోయానని చెప్పారు. అవసరమైతే అమ్మకాలను నియంత్రిస్తామన్నారు. బేరాల్లేవన్న నోరే ఆ మాట అంది.

అసలు సంగతి టోర్నీ అయిపోయాక మొదలైంది. నెల రోజుల కోసమన్న మినహాయింపు నెలతో పోలేదు. ‘ప్రపంచకప్‌లో అమ్మారు కదా, ఏమైంది?’ అనే వాదన దొరికింది. రియో డి జనీరో, మినాస్ జెరైస్ వంటి రాష్ట్రాలు ఆ తర్వాత స్టేడియాల్లో బీరుకు తలుపులు తెరిచాయి. ఒకసారి సడలించిన చట్టాన్ని మళ్లీ బిగించడం ఎంత కష్టమో ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

రష్యాలోనూ ఇలాంటిదే జరిగింది. బీరు ప్రకటనలను నిషేధించిన ఆ దేశం, 2018 ప్రపంచకప్‌కు నాలుగేళ్ల ముందే క్రీడా ప్రసారాల్లో బీరు ప్రకటనలకు 2018 చివరి దాకా అనుమతిస్తూ చట్టం సవరించుకుంది. అక్కడ పెద్దగా చర్చ కూడా లేదు.

ఖతార్: మాట ఇచ్చి, ఆఖరి నిమిషంలో తప్పి

ఖతార్ దీనికి పూర్తి విరుద్ధమని చాలామంది అనుకుంటారు. స్పాన్సర్‌కు లొంగని దేశమని మన సోషల్ మీడియాలో పొగిడినవాళ్లూ ఉన్నారు. కొంచెం నిదానంగా చూడాలి.

ఆతిథ్య హక్కు 2010లో దక్కినప్పుడు ఖతార్ కూడా అభిమానులకు మద్యం అందుబాటులో ఉంటుందనే చెప్పింది. అలా చెప్పబట్టే ఫిఫా బడ్వైజర్‌తో ఒప్పందాన్ని 2022 దాకా పొడిగించింది. పన్నెండేళ్ల పాటు ఆ మాట మీదే ఏర్పాట్లు జరిగాయి. చివరి రెండు రోజుల్లో మాట మారింది. స్టేడియంలో ఆల్కహాల్ లేని బడ్వైజర్ జీరో మాత్రం మిగిలింది. రోజుకు మూడు గంటలు బీరు లేకపోతే బతకగలరులే అని ఫిఫా అధ్యక్షుడు ఇన్ఫాంటినో తేలిగ్గా అన్నారు. బ్రెజిల్‌కు పదేళ్ల కిందట ఈ వెసులుబాటు ఎవరూ ఇవ్వలేదు.

నిషేధం అందరికీ పడిందా అంటే అదీ లేదు. ఖరీదైన హాస్పిటాలిటీ బాక్సుల్లో మద్యం దొరికింది. దోహాలోని ఫ్యాన్ ఫెస్టివల్‌లో సాయంత్రం నుంచి అర లీటరు బీరు 50 రియాళ్లకు అమ్మారు. మన డబ్బుల్లో వెయ్యి రూపాయలు పైనే. అంటే గ్యాలరీ టికెట్ కొన్నవాడికి చట్టం, బాక్స్ టికెట్ కొన్నవాడికి సౌకర్యం.

బ్రెజిల్‌లో ఎన్నికైన సభ చర్చించి మరీ తలొగ్గింది. ఖతార్‌లో ఎవరూ చర్చించలేదు, పైనుంచి ఆదేశం వచ్చింది. మొదటిదాంట్లో జనం గోడు విన్నారు కానీ పట్టించుకోలేదు. రెండోదాంట్లో వినే పద్ధతే లేదు. రెంటిలో ఏది నయమని నన్నడిగితే, రెండూ కాదనే అంటాను.

అయితే ఫలితం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆ టోర్నీలో స్టేడియాల్లో తాగుబోతుల గోల లేక ప్రశాంతంగా మ్యాచ్ చూశామని చాలామంది మహిళా అభిమానులు విలేకరులకు చెప్పారు. ఇంగ్లండ్, వేల్స్ అభిమానుల్లో ఒక్కరు కూడా అరెస్టు కాలేదని బ్రిటన్ పోలీసులు తెలిపారు. ఇది బీరు లేకపోవడం వల్లేనని తేల్చలేం. అంతదూరం, అంత ఖర్చు పెట్టుకుని వెళ్లినవాళ్లు తక్కువ, వెళ్లినవాళ్లు వేరే రకం. అయినా గుర్తుపెట్టుకోదగ్గ విషయమే.

నారింజ రంగు దుస్తులు, పోలీసులు

స్పాన్సర్ హక్కు అంటే అమ్ముకునే హక్కు మాత్రమే అనుకుంటాం. ఇంకొకరు కనబడకుండా చేసే హక్కు కూడా అందులో ఉంటుంది. దాన్ని అమలు చేసేది తరచూ ప్రభుత్వ యంత్రాంగమే.

2006లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో నెదర్లాండ్స్, ఐవరీ కోస్ట్ మ్యాచ్. బవేరియా అనే డచ్ బీరు కంపెనీ పంచిన నారింజ రంగు నిక్కర్లు వేసుకుని చాలామంది డచ్ అభిమానులు వచ్చారు. అధికారిక స్పాన్సర్ బడ్వైజర్. గేటు దగ్గర సిబ్బంది వాటిని విప్పించారు. పాపం, చాలామంది లోదుస్తులతోనే మ్యాచ్ చూశారు.

అది నవ్వుకునే సంగతి. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగింది అలాంటిది కాదు. జొహన్నెస్‌బర్గ్‌లో నెదర్లాండ్స్, డెన్మార్క్ మ్యాచ్‌కు 36 మంది యువతులు నారింజ రంగు పొట్టి గౌన్లలో వచ్చారు. గౌను మీద బవేరియా పేరు కంటికి కనబడీ కనబడనంత చిన్నది. వాళ్లను స్టేడియం నుంచి బయటికి పంపేశారు. ఇద్దరు డచ్ మహిళలను పోలీసులు అరెస్టు చేసి, వాణిజ్య చిహ్నాల చట్టం కింద కేసు పెట్టారు. ఆ టోర్నీ కోసం ఆ దేశం 56 ప్రత్యేక న్యాయస్థానాలను ఏర్పాటు చేసింది. కొద్ది రోజులకు ఫిఫా, బవేరియా రాజీపడ్డాయి, కేసు ఎత్తేశారు.

రెండు ప్రైవేటు కంపెనీల ప్రకటనల తగాదా అది. మామూలుగా అయితే సివిల్ కోర్టులో నడవాల్సిన వ్యవహారం. అక్కడ పోలీసులు, లాకప్, ప్రత్యేక కోర్టు వచ్చాయి. వాటి ఖర్చు భరించింది దక్షిణాఫ్రికా పన్ను చెల్లింపుదారులు. ఆతిథ్య ఒప్పందంలో ‘స్పాన్సర్ల హక్కుల పరిరక్షణ’ అన్న పొడి మాటలు కనిపిస్తే దాని వెనుక ఏముంటుందో ఈ ఉదాహరణ చెబుతుంది.

ఫ్రాన్స్: చట్టం కదల్లేదు, అక్షరాలు కదిలాయి

చట్టాన్ని మార్చకుండానే పెద్ద టోర్నీలు జరిపిన దేశం కూడా ఉంది. 1991లో ఫ్రాన్స్ చేసిన చట్టాన్ని, నాటి ఆరోగ్యమంత్రి క్లోడ్ ఎవాన్ పేరుమీద ఎవాన్ చట్టం అంటారు. టీవీలో మద్యం ప్రకటనలు, క్రీడలకు మద్యం కంపెనీల స్పాన్సర్‌షిప్ కుదరదని అది చెబుతుంది. మద్యం ఉత్పత్తికి ప్రపంచంలోనే పేరున్న దేశం ఇలాంటి చట్టం చేసుకుందంటే ఆశ్చర్యమే.

1998 ప్రపంచకప్ ఫ్రాన్స్‌లో జరిగినప్పుడు మైదానం చుట్టూ బడ్వైజర్ బోర్డులు పెట్టడం కుదరలేదు. ఆ ప్రకటన హక్కులు కాసియో కంపెనీకి వెళ్లాయి. టోర్నీ ఆగలేదు. ఫిఫా ఫ్రాన్స్‌ను వదిలిపోలేదు. పైగా ఆ కప్పు ఫ్రాన్సే గెలిచింది.

ఆ తర్వాత కంపెనీలు తెలివి మీరాయి. యూరప్ రగ్బీ టోర్నీ ‘హైనెకెన్ కప్’ ఫ్రాన్స్‌లో ‘హెచ్ కప్’ అయింది. 2016 యూరో ఫుట్‌బాల్‌లో కార్ల్స్‌బర్గ్ తన పేరు ఎక్కడా రాయలేదు. తన ప్రకటనల్లో ఎప్పుడూ వాడే ‘బహుశా’ అన్న ఇంగ్లిష్ మాటను మాత్రం అదే అక్షరాల తీరులో, అదే ఆకుపచ్చ రంగులో మైదానం చుట్టూ పెట్టింది. తెలిసినవాడికి అది చాలు. సిక్స్ నేషన్స్ రగ్బీకి గిన్నెస్ స్పాన్సర్ అయ్యాక, పారిస్ మ్యాచ్‌లలో ఆ పేరు ఉండాల్సిన చోట అదే అక్షరాలతో ‘గ్రేట్‌నెస్’ అని వెలిసింది.

కాబట్టి ఫ్రాన్స్ చట్టం పూర్తిగా గెలిచిందని చెప్పలేం. కానీ ఒక తేడా ఉంది. అక్కడ కంపెనీ చట్టాన్ని తప్పించుకోవాల్సి వచ్చింది. బ్రెజిల్‌లో చట్టమే కంపెనీకి దారి ఇచ్చింది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో గ్యాలరీ ప్రేక్షకులకు మద్యం అమ్మలేదు. నిర్వాహకులు మినహాయింపు తెచ్చుకునే ప్రయత్నం చేయలేదు. ఇక్కడ కూడా వీఐపీ హాస్పిటాలిటీలో మాత్రం దొరికింది. ఈ ఒక్క విషయంలో పారిస్‌కూ దోహాకూ తేడా లేదు.

సున్నా బీరు, మన సోడా

2024 జనవరిలో ఐఓసీ ఒక ప్రకటన చేసింది. ప్రపంచంలో అతిపెద్ద బీరు కంపెనీ ఏబీ ఇన్‌బెవ్ 2028 దాకా ఒలింపిక్స్ స్పాన్సర్. ఒలింపిక్స్ అగ్రశ్రేణి స్పాన్సర్ల జాబితాలో బీరు కంపెనీ చేరడం అదే మొదటిసారి. ముందువరసలో నిలబెట్టిన బ్రాండు కరోనా సీరో, అంటే ఆల్కహాల్ లేని కరోనా బీరు. బాధ్యతగా తాగడాన్ని ప్రోత్సహించడానికే ఇదంతా అని చెప్పారు.

ఇది చదవగానే మీకు ఏదో గుర్తొచ్చి ఉండాలి. పేరు అదే, లోగో అదే, సీసా ఆకారం అదే, లోపల మాత్రం మద్యం లేదు. మనం ఎన్నో ఏళ్లుగా టీవీల్లో చూస్తున్న సోడా, మంచినీళ్లు, మ్యూజిక్ సీడీల ప్రకటనలు ఇవే కదా. ‘ఈ కంపెనీ సోడా మా ఊళ్లో ఎక్కడా దొరకదేంటి’ అని మీరు ఎప్పుడైనా అనుకున్నారా? సోడా అమ్మడం ఆ ప్రకటన పని కాదు మరి. వీటినే సరోగేట్ ప్రకటనలంటారు. ప్రపంచ క్రీడారంగం ఇవాళ కనిపెట్టిన ఉపాయం మనకు పాతిక ఏళ్ల పాతది.

ఒక్క తేడాను ఒప్పుకోవాలి. ఆల్కహాల్ లేని బీరు నిజంగా అమ్ముడయ్యే సరుకు. ఐరోపాలో దానికి కొనేవాళ్లున్నారు, డ్రైవింగ్ చేసేవాళ్లు తాగుతారు. కానీ మైదానంలో మూలన రాసిన సున్నా కంటే మధ్యలో ఉన్న పేరే ముందు కనబడుతుంది. ముఖ్యంగా పన్నెండేళ్ల పిల్లాడికి. 2021 యూరోలో ఫ్రాన్స్ ఆటగాడు పాల్ పోగ్బా విలేకరుల సమావేశంలో తన ముందున్న హైనెకెన్ సీసాను తీసి కింద పెట్టినప్పుడు అది ఆల్కహాల్ లేనిదే. ముస్లిం అయిన ఆయనకు లోపల ఉన్నదానికంటే పైనున్న పేరు అభ్యంతరమైంది. తర్వాత యూఈఎఫ్‌ఏ ముస్లిం ఆటగాళ్లు కోరితే సీసాలు పెట్టబోమంది. క్రికెట్‌లో హషీమ్ ఆమ్లా దక్షిణాఫ్రికా జట్టు స్పాన్సర్ అయిన బీరు కంపెనీ లోగో లేని జెర్సీతోనే ఏళ్లపాటు ఆడాడు. అతని పరుగులేమీ తగ్గలేదు.

మన చట్టం ఏం చెబుతుంది? మద్యం ఉత్పత్తి, అమ్మకం రాష్ట్రాల చేతిలో ఉంటాయి. టీవీ ప్రకటనలు కేంద్రం చేతిలో. 1994 నాటి కేబుల్ టీవీ నియమాల ప్రకారం మద్యాన్ని నేరుగా గానీ పరోక్షంగా గానీ ప్రోత్సహించే ప్రకటనలు నిషిద్ధం. 2009లో వాటికి ఒక సవరణ వచ్చింది. అదే బ్రాండు పేరున్న వేరే వస్తువును కొన్ని షరతులతో ప్రకటించుకోవచ్చని అది చెప్పింది. ఆ సందులోంచే సోడా వచ్చింది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు సరోగేట్ ప్రకటనలను నిషేధించాయి. అయినా 2025 మార్చిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ ఐపీఎల్ చైర్మన్‌కు లేఖ రాయాల్సి వచ్చింది. స్టేడియంలో, ప్రసారాల్లో పొగాకు, మద్యం ప్రకటనలు, సరోగేట్ ప్రకటనలు సహా, ఉండకూడదని అందులో కోరారు. నిషేధం ఉన్నచోట మళ్లీ విజ్ఞప్తి లేఖ ఎందుకు అవసరమైందో మీరే ఆలోచించండి. ఐపీఎల్‌లో ఒక జట్టు పేరే ఒక విస్కీ బ్రాండు నుంచి వచ్చిందన్నది కూడా రహస్యమేమీ కాదు.

సిగరెట్ పోయింది, ఆట ఆగలేదు

‘స్పాన్సర్లు లేకపోతే ఆటలెలా?’ అనే ప్రశ్న సరైనదే. దానికి మన దగ్గరే జవాబుంది.

1996 క్రికెట్ ప్రపంచకప్ పేరు విల్స్ ప్రపంచకప్. సిగరెట్ కంపెనీ పేరు. అంతకుముందు 1992 కప్పు కూడా మరో సిగరెట్ బ్రాండుదే. ఆ 1996 టోర్నీలో హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో వెస్టిండీస్, జింబాబ్వే ఆడాయి. విశాఖలో ఆస్ట్రేలియా, కెన్యా ఆడాయి. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమల్లో ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం ఊరూరా పాకి, 1993లో సారా నిషేధం తెచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మద్యాన్నీ నిషేధించింది. 1997లో అది సడలిపోయిందనుకోండి, ఖజానా కారణంగా. కానీ ఆ రెండు మ్యాచ్‌లూ మద్యం లేని రాష్ట్రంలో, సిగరెట్ పేరు కింద జరిగాయి. సారా వద్దని రోడ్డెక్కిన రాష్ట్రంలో సిగరెట్ పేరు ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు.

టెండూల్కర్ చొక్కా మీద కూడా అదే పేరు ఉండేది. తర్వాత పొగాకు కంపెనీ క్రికెట్ నుంచి తప్పుకుంది. 2003లో పొగాకు చట్టం వచ్చి ఇలాంటి స్పాన్సర్‌షిప్‌ను నిషేధించింది. అదే ఏడాది పొగాకు నియంత్రణపై అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. భారత క్రికెట్ ఏమైనా పేదదైందా? ఇవాళ బీసీసీఐ ఆదాయం మీకు తెలియనిది కాదు.

మద్యానికి అలాంటి అంతర్జాతీయ ఒడంబడిక లేదు. ఆల్కహాల్‌ను క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే చేర్చింది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 26 లక్షల మరణాలకు ఆల్కహాల్ కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక చెప్పింది. అయినా ఏ దేశంలో ఏ నిబంధన ఉండాలన్నది ఆ దేశానికే వదిలేశారు. ఆ దేశం ఎంత గట్టిగా నిలబడుతుందన్నది ఆతిథ్య హక్కు మీద దానికున్న మోజును బట్టి ఉంటోంది.

మరి తాగేవాళ్ల సంగతి?

ఈ వాదనకు అవతలి వైపు కూడా ఉంది. బీరు చాలా దేశాల్లో చట్టబద్ధమైన సరుకు. స్టేడియంలో కొలిచి, గ్లాసులో పోసి, ఆట చివర్లో అమ్మకం ఆపేస్తే, బయట వైన్‌షాపు దగ్గర గడగడా తాగి లోపలికి రావడం కంటే నయమని కొందరు అంటారు. అందులో కొంత నిజముంది. ఇంగ్లండ్ 1985లో చేసిన చట్టం ప్రకారం పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో మైదానం కనబడే చోట కూర్చుని మద్యం తాగకూడదు. అందువల్ల విరామంలో కారిడార్లలో పావుగంటలో పెద్ద గ్లాసులు ఖాళీ చేస్తున్నారని, ఆ నిబంధన తిరగబడిందని అక్కడి అభిమానులు చెబుతుంటారు. అదే దేశంలో క్రికెట్‌కు ఆ నిబంధన లేదు. స్కాట్లండ్ అయితే 1980 కప్ ఫైనల్‌లో అభిమానులు మైదానంలోకి దూకి కొట్టుకున్నాక స్టేడియాల్లో పూర్తి నిషేధం పెట్టింది.

నిబంధన ఎలా ఉండాలన్న దానిపై నిజాయితీగా భిన్నాభిప్రాయాలు ఉండొచ్చు. ఆ నిర్ణయం పోలీసుల అనుభవం, ఆసుపత్రుల లెక్కలు, అభిమానుల మాట విని తీసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. స్పాన్సర్ ఒప్పందంలోని ఒక పేరా చూసి తీసుకుంటేనే ఇబ్బంది.

2034 పురుషుల ఫుట్‌బాల్ ప్రపంచకప్ సౌదీ అరేబియాలో. అక్కడ స్టేడియాల్లోనే కాదు, హోటళ్లలో కూడా మద్యం ఉండదని బ్రిటన్‌లోని సౌదీ రాయబారి 2025 ఫిబ్రవరిలోనే చెప్పేశారు. ఖతార్ ఆఖరి రెండు రోజుల్లో చెప్పింది, వీళ్లు తొమ్మిదేళ్ల ముందే చెప్పారు. నచ్చినా నచ్చకపోయినా, కంపెనీకీ టికెట్ కొనేవాడికీ ముందే తెలుసు.

అహ్మదాబాద్‌లో ఏం చూడాలి?

గుజరాత్‌లో ఇప్పటికే కొన్ని సడలింపులున్నాయి. బయటి రాష్ట్రాల, విదేశాల సందర్శకులకు పర్మిట్లు ఇస్తారు. ఆరోగ్య పర్మిట్లు ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో గాంధీనగర్ దగ్గరి గిఫ్ట్ సిటీలో అక్కడి ఉద్యోగులకు, వాళ్ల అతిథులకు మద్యం అనుమతించారు. అప్పుడు చెప్పిన కారణం, అంతర్జాతీయ వ్యాపార వాతావరణం. కాబట్టి క్రీడలు వస్తే ‘అంతర్జాతీయ క్రీడా వాతావరణం’ అనే మాట రాదని అనుకోవడానికి లేదు.

గుజరాత్ నిషేధం బాగా పనిచేస్తోందా అంటే, అక్కడ దొంగచాటు మద్యం, కల్తీ సారా మరణాల వార్తలు చూసినవాళ్లెవరూ అవునని అనలేరు. దాన్ని ఎత్తేయాలనుకుంటే ఎత్తేయొచ్చు, శాసనసభలో చర్చించి. అలా కాకుండా ఓ క్రీడా గ్రామానికి, ఓ హాస్పిటాలిటీ బాక్సుకు, ఓ పక్షం రోజులకు నోటిఫికేషన్‌తో సడలిస్తే అది బ్రెజిల్ దారి. లోపల బాక్సుల్లో పోసి బయట గ్యాలరీలో చట్టం చూపిస్తే ఖతార్ దారి.

ఈ నిర్ణయాలు పోటీల నెలలో జరగవు. ఆతిథ్యానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ప్రభుత్వాలు ఇచ్చే హామీ పత్రాల్లో, ఆతిథ్య నగర ఒప్పందంలో జరిగిపోతాయి. బ్రెజిల్ పార్లమెంటు 2012లో చర్చకు కూర్చునేసరికి ఆతిథ్య హక్కు చేతికొచ్చి నాలుగేళ్లు దాటింది. అప్పుడు ఎంపీలు వద్దన్నా ప్రభుత్వం ‘ఇదివరకే మాటిచ్చాం’ అంది. అహ్మదాబాద్‌కు 2030 క్రీడలు 2025 నవంబర్‌లో ఖరారయ్యాయి. ఒలింపిక్స్ కోసం ఆసక్తి లేఖ 2024లోనే వెళ్లింది.

ఆ హామీ పత్రాల్లో మద్యం అమ్మకం, ప్రకటనలు, స్పాన్సర్ హక్కుల రక్షణ గురించి ఏముందో పౌరుడిగా అడిగే హక్కు మీకుంది. కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖకు సమాచార హక్కు చట్టం కింద ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టొచ్చు. వాణిజ్య రహస్యం అంటూ సెక్షన్ 8(1)(డి) చూపించి తిరస్కరించవచ్చు కూడా. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతుంది. తిరస్కరిస్తే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేసుకోవచ్చు. దరఖాస్తు రుసుము 10 రూపాయలు.